శవం లేచినా టైంటేబుల్ తప్పదు

శవం దొరికిన మర్నాడు పొద్దున తొమ్మిదింటికి విలువిద్య క్లాసు పెట్టాలా, వద్దా? అమెరికా సమ్మర్ క్యాంపులో హత్య జరిగే టీనేజీ నవలలన్నీ దీనికి ముక్తకంఠంతో ఒకటే జవాబు చెబుతున్నాయి: పెట్టాలి. శవం సరస్సులో తేలితే మాత్రం ఈత క్లాసుని మధ్యాహ్నానికి జరుపుకోవచ్చు.

ఈ కోవ పుస్తకాలు మీరూ చదివే ఉంటారు కాబట్టి కథ చెప్పి విసిగించను. పైన్ చెట్లు, సరస్సు, సిగ్నల్ లేని ఫోన్లు, ఏళ్ల కిందట మాయమైన అమ్మాయి, ఆ గుట్టు తేల్చడానికే క్యాంపులో చేరిన పదహారేళ్ల హీరోయిన్, ఆమెకి అటొక కుర్రాడు, ఇటొక కుర్రాడు. హత్య జరగ్గానే వాన. వానకి వంతెన హతం. (ప్రతి పుస్తకంలోనూ ఆ వంతెన కూలాల్సిందే. కట్టిన కాంట్రాక్టరెవరో గాని, ఈ రచయితలందరికీ వేలు విడిచిన మేనమామ అయి ఉండాలి.) ఇవన్నీ నేను ఓర్చుకోగలను. నా గొడవంతా క్యాంపు డైరెక్టరుగారితోనే.

ఆ మహానుభావుణ్ణి ఒకసారి దగ్గర్నుంచి చూడండి. రాత్రి పడవల షెడ్డు వెనక ఒక పిల్ల తల పగిలి చనిపోయింది. తెల్లారింది. డైనింగ్ హాల్లో పిల్లలంతా పాన్‌కేకులు తింటున్నారు. మెడలో విజిల్, చేతిలో క్లిప్‌బోర్డు, డైరెక్టరుగారు బెంచీ ఎక్కి గొంతు సవరించుకుంటారు. "రాత్రి జరిగినదానికి మనందరికీ చాలా బాధగా ఉంది. అర నిమిషం మౌనం పాటిద్దాం. థాంక్యూ. రెండోది, స్నానాల గదిలో ఎవరిదో ఎడమకాలి చెప్పు ఉండిపోయింది, వచ్చి తీసుకెళ్లండి. మూడోది, మన రంగుల జట్ల పోటీ, కలర్ వార్‌లో ఎర్ర జట్టు వెనకబడింది. పోయిన అమ్మాయిది ఎర్ర జట్టే కాబట్టి కెనూ పందెంలో ఆమె బదులు తెడ్డు ఎవరు పడతారో పదింటిలోగా నాకు చెప్పాలి." ఒక చెయ్యి లేస్తుంది. హమ్మయ్య, అడిగే నాథుడొకడున్నాడు అనుకుంటాం. "సార్, మేపుల్ సిరప్ అయిపోయింది." దాన్నీ రాసుకుంటారాయన. పైన హతురాలి పేరు, పక్కన టిక్కు, కింద సిరప్.

ఇంతలో అక్కడి పోలీసు పెద్ద షెరీఫ్‌గారు దిగుతారు (వంతెన లేకుండా ఎలా వచ్చాడని నన్నడక్కండి). చుట్టూ ఓసారి చూసి, కాలుజారి పడిందని తేల్చేసి, మిగిలిన పాన్‌కేకుల పని పట్టి వెళ్లిపోతారు. పిల్లలు బుద్ధిగా దారాల అల్లిక క్లాసుకి పోతారు. పోవాలి మరి. హంతకుడు వాడిన తాడు ముడి హీరోయిన్ కళ్లబడేది అక్కడే. క్లాసు రద్దయితే ఆధారం లేదు, ఆధారం లేకపోతే పుస్తకం లేదు. పిల్లల్ని ఇళ్లకి పంపేస్తే అనుమానితులు కూడా వాళ్లతోపాటే బస్సెక్కేస్తారు. రచయిత అవసరాన్ని డైరెక్టరు నెత్తికి చుట్టి, ఆయన్ని ఇలా పశువుని చేశారు.

రోనాల్డ్ నాక్స్ అనే కాథలిక్ ఫాదరు 1929లో డిటెక్టివ్ కథలకి పది ఆజ్ఞలు విధించాడు. రహస్య గది ఒకటికి మించి ఉండరాదన్నాడు. ముందుగా మనకి తెలియజేయకుండా కవలల్ని దించరాదన్నాడు. శవం దొరికిన మర్నాడు పడవ పందేలు పెట్టరాదని పదకొండో ఆజ్ఞ రాయడం ఆయనకి తట్టలేదు. కొన్ని సంగతులు చెప్పక్కర్లేదనుకున్నాడు పాపం.

అసలు క్యాంపుల్లో జరిగేది చూస్తే ఇంకా ఒళ్లు మండుతుంది. అక్కడ పిల్లల్ని జతలుగానే నీళ్లలోకి వదులుతారు. విజిల్ ఊదగానే జతలో ఇద్దరూ చేతులు పట్టుకుని పైకెత్తాలి. తలల లెక్క, గట్టు మీద బోర్డుకి తగిలించిన బిళ్లల లెక్క సరిపోవాలి. ఒక్క బిళ్ల తేడా వచ్చిందా, అందర్నీ బయటికి రప్పించి నీళ్లడుగు గాలిస్తారు. న్యూయార్క్ రాష్ట్రంలో క్యాంపు నడపాలంటే ఆరోగ్యశాఖ అనుమతీ, రాతపూర్వకంగా భద్రతా ప్రణాళికా ఉండాలి. తలనొప్పి మాత్ర ఇవ్వాలన్నా అమ్మానాన్నల సంతకం చూసే చోటు అది. నవల్లో తల పగిలినా ఇంటికి ఫోను పోదు.

2025 జూలై 4న టెక్సాస్‌లో గ్వాడలూపే నది పొంగి, ఒడ్డునున్న ఒక బాలికల క్యాంపులో పిల్లలూ, వాళ్లని చూసుకునే కౌన్సిలర్లూ కలిపి 27 మంది చనిపోయారు. కడుపుకోత మోస్తూనే ఆ తల్లిదండ్రులు చట్టసభకి వెళ్లి నిలబడ్డారు. వరద ముంచే చోట క్యాబిన్లు ఉండకూడదంటూ సెప్టెంబరు కల్లా చట్టం తెప్పించారు. పిల్ల పోతే తల్లిదండ్రులు చేసేది అదీ. మరి రచయితగారూ, మీ పుస్తకంలో ఆ చనిపోయిన పిల్ల తల్లి ఏదయ్యా? కూతురు ఐదో అధ్యాయంలో పోతే ముప్పయ్యో అధ్యాయం దాకా ఆవిడ రాదే? చచ్చిపోయే పిల్లని ముందే పొగరుబోతునీ, డబ్బున్నదాన్నీ చేసిపెడతారు, మనం ఏడవకుండా. ఆమె ట్రంకుపెట్టె తెరిచి డైరీ చదువుతారు. ఆమె మంచం మీదే కూర్చుని హీరోయిన్ తొలి ముద్దు పెట్టుకుంటుంది, దుప్పటైనా మార్చకుండా. సిగ్గులేదూ? చదివేది పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు. తోటిపిల్ల చావు వాళ్లకి ఆధారాల సంచీ అని నేర్పుతున్నారు.

సరే, చివరికి హంతకుడు సరస్సు ఒడ్డున నాలుగు పేజీల ఉపన్యాసం ఇచ్చి దొరికిపోతాడు. వచ్చే వేసవికి రెండో భాగం. అదే క్యాంపు, అదే డైరెక్టరు, అదే క్లిప్‌బోర్డు. సీట్లన్నీ నిండిపోయాయి. హీరోయిన్ ఈసారి జూనియర్ కౌన్సిలర్. గేటు దాకా కారులో దింపింది వాళ్లమ్మే. కిందటేడు ఇక్కడ ముగ్గురు పోయారని తెలిసిన అదే అమ్మ. ఆరోగ్య ఫారం మాత్రం ఒక్క గడీ వదలకుండా నింపింది: వేరుశెనగ పడదు, దోమ కుడితే దద్దుర్లు.