వచ్చే మోడల్ వచ్చేదాకా

2021 నుంచి నేను ఎలక్ట్రిక్ స్కూటర్ కొంటున్నాను. కొన్నాను అనలేదు, గమనించాలి. ఉప్పల్ నుంచి అమీర్‌పేట ఆఫీసుకి రానూపోనూ ముప్పై కిలోమీటర్లు, బడ్జెట్ ఎనభై వేలు, ఇంత చిన్న విషయానికి ఇన్నేళ్లా అని మా ఆవిడ అడుగుతూనే ఉంది గానీ, తొందరపడి కొనేవాళ్ల వల్లే దేశం ఇలా తయారైందని నా గట్టి నమ్మకం.

పాత మోడల్ కొంటే అది ఎలాగూ పాతదే. కొత్తది కొంటే మూడు నెలల్లో పాతదవుతుంది. కాబట్టి మనం కొనని బండి ఒక్కటే ఎప్పటికీ కొత్తది.

ఈ సిద్ధాంతానికి కేంద్ర ప్రభుత్వం కూడా తన వంతు పరీక్ష పెట్టింది. 2021 జూన్‌లో బ్యాటరీ సామర్థ్యంలో ఒక్కో కిలోవాట్ అవర్‌కి 15 వేల చొప్పున సబ్సిడీ అన్నారు. ఇంకా పెంచుతారేమో, చూద్దాం అన్నాను. 2023 జూన్‌లో 10 వేలకి దించారు. తప్పు తెలుసుకుని దిద్దుకుంటారన్నాను. 2024 ఏప్రిల్‌లో 5 వేలు, మరుసటి ఏడాది రెండున్నర వేలు, అదీ బండికి మొత్తం 5 వేలు మించకుండా. కృష్ణపక్షపు చంద్రుడు కూడా ఇంత క్రమశిక్షణతో తగ్గడు. అయినా చిన్న బ్యాటరీ మోడళ్లు చవగ్గా వచ్చాయి కదా, ఆగి నేనేం నష్టపోలేదని మా బావమరిదికి కాగితం మీద లెక్క వేసి చూపించాను. "ఇన్నేళ్ల పెట్రోల్ కూడా అందులో కలుపు బావా" అన్నాడు. చిన్నవాళ్లతో లెక్కలు మాట్లాడకూడదు.

పోయిన నెల వాడే నన్ను నాగోల్ తీసుకెళ్లాడు, సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి. 2022 మోడల్, 45 వేలు. "సింగిల్ ఓనరండీ, అసలు బయటికే తీయలేదు" అన్నాడు అమ్మే ఆయన గర్వంగా. పెట్రోల్ బండికైతే ఆ మాట వరం, దీనికి మాత్రం అదే అనుమానం. లిథియం బ్యాటరీకి తిరిగినా తిరక్కపోయినా వయసు మీద పడుతూనే ఉంటుంది, ఛార్జింగ్ సున్నాకి పడిపోయి నెలల తరబడి సెల్లార్‌లో మూలుగుతూ ఉంటే మరీనూ. ఫుల్ ఛార్జ్ చేయించండి, ఇరవై కిలోమీటర్లు నడిపి ఎంత శాతం దిగిందో చూస్తానంటే, ఆయన నా వంక కిడ్నీ అడిగినట్టు చూశాడు. బ్యాటరీకి మూడేళ్ల వారంటీ, అదీ అయిపోయింది. పైగా 2022లో వరసగా బండ్లు తగలబడ్డాక బ్యాటరీ పరీక్షల నిబంధనలు ఆ డిసెంబర్‌లో ఒకసారి, 2023 మార్చి 31 నుంచి రెండోసారి బిగించారు. ఈ బండి ఆ రెండింటికీ ముందే పుట్టింది.

సరే, కొత్తదే చూద్దామని షోరూంకి వెళ్లాం. రేంజ్, అంటే ఒక్కసారి ఛార్జ్ చేస్తే నడిచే దూరం, 120 కిలోమీటర్లని బోర్డు మీద ఉంది. అది పెళ్లిళ్ల పేరయ్య చెప్పే అబ్బాయి జీతం లాంటిది, చేతికొచ్చేది ఎనభయ్యో తొంభయ్యో. తెలంగాణలో 2024 నవంబర్ నుంచి ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు కదా అని ధైర్యంగా కూర్చుంటే, ఇన్సూరెన్సు, యాక్సెసరీలు, 'హ్యాండ్లింగ్', యాప్‌లో ఫీచర్లు తెరుచుకోవడానికి ఇంకో ప్యాకు కలిసి ఎనభై వేల బండి లక్షకి చేరింది. హ్యాండ్లింగ్ అంటే ఏమిటని అడిగితే, సేల్స్ కుర్రాడు మమ్మల్ని హ్యాండిల్ చేయడం అన్నట్టు నవ్వాడు.

ఆ ప్యాకులన్నీ వద్దని, చిన్న బ్యాటరీది తీసుకుంటే నా ముప్పై కిలోమీటర్లకి అది హాయిగా సరిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. కానీ సరిపోయేది కొనడానికైతే ఇన్నేళ్లు ఆగడం ఎందుకు?

నిన్న మనసు మారి నాగోల్ ఆయనకి ఫోన్ చేశాను, నలభైకి ఇస్తే ఆలోచిద్దామని. అమ్మేశానండీ అన్నాడు. మరి మీరేం కొన్నారని అడిగాను.

"ఇంకా చూస్తున్నానండీ. ప్రస్తుతానికి మెట్రోలో వెళ్తున్నా. దీపావళికి కొత్త మోడల్ వస్తోందట కదా, మీకేమైనా తెలుసా?"