వరంలో వదిలేసిన మాటే కథ

ఘటోత్కచుడు నేలకూలిన రాత్రి పాండవ శిబిరమంతా ఏడుస్తుంటే కృష్ణుడు ఒక్కడే ఆనందం పట్టలేక అర్జునుణ్ని కౌగిలించుకుంటాడు. కారణం, ఇంద్రుడు కర్ణుడికిచ్చిన శక్తి అనే ఆయుధం ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది. అది ఒక్కసారే పనిచేస్తుంది, ఒక్కణ్ణే చంపుతుంది, ఆ వెంటనే ఇంద్రుడి చేతికి తిరిగి వెళ్లిపోతుంది. ఈ షరతు అరణ్యపర్వంలోనే మన చెవిన పడింది. అంటే మూడో పర్వంలో వేసిన ముడి ఏడో పర్వంలో విడింది. మధ్యలో విరాట, ఉద్యోగ, భీష్మ పర్వాలు సాగినంతసేపూ ఆ ఆయుధం కర్ణుడి దగ్గర ఉందన్న బెరుకు మనల్ని వదలదు.

పురాణాల ఆధారంగా ఈ రోజుల్లో వస్తున్న ఫాంటసీ నవలలు, సిరీస్‌లు చాలావరకు తేలిపోయేది ఇక్కడే. పేర్లు తెచ్చుకుంటున్నారు, షరతులు వదిలేస్తున్నారు. బ్రహ్మాస్త్రం అంటే పెద్ద బాంబు, శాపం అంటే ఉరుము చప్పుడుతో ఒక డైలాగు. షరతు లేని శక్తి ఎంత పెద్దదైనా కథకు పనికిరాదు. దాన్ని ఓడించాలంటే అంతకంటే పెద్దది తేవాలి, మూడో భాగానికి వచ్చేసరికి రచయిత దగ్గర తేవడానికి ఏమీ మిగలదు.

భారతంలో అస్త్రాల సంగతి చూడండి. అశ్వత్థామ వేసిన నారాయణాస్త్రం ఎదిరించేకొద్దీ బలపడుతుంది, ఆయుధం దించి రథం దిగినవాణ్ని ముట్టుకోదు. అందుకే అక్కడ ఉత్కంఠంతా భీముడి చుట్టూ తిరుగుతుంది. దిగనంటాడు, కృష్ణార్జునులు లాగి కిందికి దించాల్సి వస్తుంది. పోరాడటమే తెలిసినవాడు పోరాటం మానితేనే బతుకుతాడు. పాత్ర స్వభావానికి సరిగ్గా అడ్డుపడే నియమం అది. రెండోసారి వెయ్యమని దుర్యోధనుడు అడిగితే, ఇది మళ్లీ వేస్తే వేసినవాడి మీదికే తిరుగుతుందంటాడు అశ్వత్థామ. బ్రహ్మశిరోస్త్రం ఇంకా కఠినం. బ్రహ్మచర్య నియమం లేనివాడు దాన్ని ఉపసంహరించబోతే అతని తలే తెగుతుంది. మరో అస్త్రంతో దాన్ని అడ్డుకున్న చోట పన్నెండేళ్లు వాన పడదు. సౌప్తికపర్వంలో అర్జునుడు వెనక్కి తీసుకోగలిగాడు, అశ్వత్థామ తీసుకోలేకపోయాడు. ఇద్దరికీ ఒకే గురువు, ఒకే విద్య. తేడా బతికిన తీరులో ఉంది.

నా దృష్టిలో ఇంతకంటే పకడ్బందీగా అల్లింది ఆదిపర్వంలోని కచుడి కథ. రాక్షసుల గురువు శుక్రుడికి చచ్చినవాణ్ని బతికించే మృతసంజీవని మంత్రం తెలుసు, దేవతలకు తెలియదు. దేవతల తరఫున దాన్ని నేర్చుకోవడానికి వచ్చిన కచుణ్ని రాక్షసులు రెండుసార్లు చంపితే శుక్రుడు రెండుసార్లూ బతికించాడు. మూడోసారి కాల్చి, బూడిద చేసి, సురలో కలిపి శుక్రుడి చేతే తాగించారు. ఇప్పుడు కచుణ్ని బతికిస్తే అతను కడుపు చీల్చుకుని రావాలి, గురువు చావాలి. గురువు బతకాలంటే లోపలున్న శిష్యుడికి విద్య చెప్పక తప్పదు. దొంగిలించాల్సిన రహస్యాన్ని యజమానే బలవంతాన ఇచ్చుకున్నాడు. పైగా శుక్రుడి కూతురు దేవయాని శాపం వల్ల ఆ విద్య కచుడికి ఫలించదు, అతను నేర్పినవాళ్లకు ఫలిస్తుంది. ఒక్క మంత్రం, దానికి మూడు చిక్కులు. ప్రతి చిక్కూ అంతకుముందు చెప్పినదాంట్లోంచే పుట్టింది, కొత్తగా తెచ్చిపెట్టింది ఏదీ లేదు.

వరం రాయాలంటే వెనక నుంచి మొదలుపెట్టాలి. ముందు ఆ పాత్ర ఎలా చావాలో తేల్చుకుని, ఆ దారి ఒక్కటి తెరిచి ఉంచి మిగతావన్నీ మూసెయ్యాలి. ఆ ఒక్క దారి ఎందుకు తెరిచి ఉందో చెప్పేది పాత్ర స్వభావమే కావాలి. రావణుడు మనుషుల్ని వదిలేసింది మరిచిపోయి కాదు, లెక్కలోకి తీసుకోక. హిరణ్యకశిపుడిది భయస్థుడి జాగ్రత్త. పోతన భాగవతం సప్తమ స్కంధంలో ఆ జాబితా పొడవైనదే అయినా విన్నవాడికి గుర్తుండిపోతుంది. కారణం అది జంటలుగా నడుస్తుంది: లోపల, బయట, పగలు, రాత్రి, నేల, నింగి. జంటలు కాబట్టే మధ్యలో సందు ఉంటుంది. గడప, సంజె, తొడ. జంట కుదరని షరతుల్ని పది పేర్చితే పాఠకుడు మూడోదానికే మరిచిపోతాడు. ఇక మినహాయింపును చివరి అధ్యాయంలో అప్పటికప్పుడు బయటపెడితే మోసపోయానన్న భావనే మిగులుతుంది. షరతు మొదటి పాతిక శాతంలోనే పడాలి, మధ్యలో ఒకసారి మాటవరసగా వినిపించాలి.

కాలం లెక్కలో ఇంకో రకం పొరపాటు జరుగుతుంది. దేవతలకు ఒక రోజు మనకు ఏడాది అన్నది పురాణాల లెక్క. దాన్ని బట్టే కలియుగం 1,200 దివ్య సంవత్సరాలు, అంటే 4,32,000 మానవ సంవత్సరాలు. భాగవతంలో కకుద్మి అనే రాజు తన కూతురు రేవతితో బ్రహ్మసభకు వెళ్లి, పాట అయ్యేదాకా ఆగాడు. ఈలోగా భూమ్మీద 27 చతుర్యుగాలు గడిచిపోయాయి. మరి అర్జునుడు ఇంద్రలోకంలో ఐదేళ్లు ఉంటే? ఆ లెక్కన ఇక్కడ 1,800 ఏళ్లు గడవాలి. అన్నదమ్ములకు గడిచినవి ఐదేళ్లే. రెండు పద్ధతులూ సంప్రదాయంలో ఉన్నాయి, ఒక కథలో ఒక్కటే వాడాలి. అశ్వత్థామ విషయమూ అంతే. చిరంజీవుల శ్లోకంలో మొదటి పేరు అతనిదే. సౌప్తికపర్వంలో కృష్ణుడిచ్చిన శాపం మాత్రం 3,000 ఏళ్లే. కలియుగం క్రీ.పూ. 3102లో మొదలైందనే సంప్రదాయం ప్రకారం, యుద్ధం అంతకు 36 ఏళ్ల ముందు జరిగిందనుకుంటే, ఆ శాపం క్రీ.పూ. 138 ప్రాంతంలోనే తీరిపోవాలి. అతన్ని ఇవాళ్టి హైదరాబాద్‌లో తిప్పాలంటే ఏ మాట పట్టుకున్నారో రచయితకు తెలిసి ఉండాలి. నిజానికి శాపం తీరిపోయినా చావు రాని మనిషి అన్న ఊహ ఒక్కటే నవలకు సరిపోతుంది.

అసురుల్ని వికారమైన జాతిగా చూపించడం మరో అరువు, అది మన సరుకు కాదు. అదితి, దితి, దనువు, కద్రువ, వినత అందరూ కశ్యపుడి భార్యలే. దేవతలు, దైత్యులు, దానవులు, నాగులు, గరుత్మంతుడు సవతి తల్లుల పిల్లలు. కుబేరుడు, రావణుడు ఒకే తండ్రి బిడ్డలు. రావణుడికి ముందు లంక కుబేరుడిది. ఇది జాతుల యుద్ధం కాదు, దాయాదుల ఆస్తి తగాదా. దాయాదుల తగవు తెలుగువాడికి ఒకరు నేర్పాలా?

పురాణం నుంచి కొత్త కథ అల్లే విద్య మనకు కొత్తేమీ కాదు. 16వ శతాబ్దంలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో నారదుణ్ని, రంభను పురాణం నుంచి తెచ్చి, కథ మాత్రం సొంతంగా అల్లాడు. నిజ రంభ, మాయా రంభ ఎదురుపడి తగవులాడే ఘట్టం ఇవాళ చదివినా తాజాగా ఉంటుంది. ‘పాతాళభైరవి’ (1951) సినిమాలో నాయకుడు తోటమాలి కొడుకు. సాహసవంతుణ్ని బలిస్తేనే అమ్మవారు కరుణిస్తుందన్న ఒక్క నియమం మీద కథ నిలబడింది. పూజలందుకునే దేవుణ్ని నాయకుడిగా పెట్టుకుంటే అతనికి తప్పు చేసే వీలుండదు, రచయితకు చెయ్యనిచ్చే వీలూ ఉండదు. మామూలు మనిషిని పురాణం అంచున నిలబెడితే ఆ ఇబ్బంది రాదు.

అలాంటి అంచులు ఎన్నో ఖాళీగానే ఉన్నాయి. భాగవతం పంచమ స్కంధం అధోలోకాల్ని ఒక్కొక్కటిగా వర్ణిస్తుంది. వితలంలో హాటకీ నది, అందులోంచి పుట్టే బంగారం. తలాతలంలో అసురుల శిల్పి మయుడు. రసాతలంలో నివాతకవచులనే రాక్షసులు. సుతలంలో బలి చక్రవర్తి. అతను ఓడిన రాజు, అయినా అక్కడ వైభవంగా ఏలుతున్నాడు. వచ్చే మన్వంతరంలో ఇంద్రపదవి అతనిదేనని మాట కూడా ఇచ్చేశారు. అతని వాకిట గద పట్టుకుని కాపలా ఉన్నది అతన్ని అణగదొక్కిన విష్ణువే. ఆ వాకిలి దాటి లోపలికి వెళ్లాల్సిన పని ఒక మామూలు మనిషికి పడితే, వాకిట్లో నిలబడ్డవాణ్ని ఏమని అడగాలి?