నాడా వచ్చింది, తొడ పట్టేసింది

క్రీడల్లో డోపింగ్‌ని, అంటే నిషేధిత మందులేసుకుని పోటీపడటాన్ని, ఎలా అరికట్టాలా అని 1999 నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 'వాడా', 2005 నుంచి మన జాతీయ సంస్థ 'నాడా' బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నాయి. 2022లో పార్లమెంటు ఏకంగా చట్టమే చేసింది. ఇంత శ్రమ దండగని నా వినయపూర్వక అభిప్రాయం. నాడా అని బోర్డు పెట్టిన కారు ఒకటి స్టేడియం గేటు దగ్గర ఆపితే చాలు. లోపల మనుషులు కూడా అక్కర్లేదు.

ఆధారం కావాలా? 2023 సెప్టెంబరు, ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలు, జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం. చివరి రోజు నాడా వాళ్లొచ్చారన్న మాట పొక్కింది. పురుషుల వంద మీటర్ల ఫైనల్‌లో ఎనిమిది మంది పరిగెత్తాలి. లైన్ దగ్గరికి వచ్చింది ఒక్కడు. మిగతా ఏడుగురికీ అదే ముహూర్తానికి తొడలు పట్టేశాయి, పిక్కలు బిగుసుకుపోయాయి. కండరాల నొప్పి అంటువ్యాధి అని వైద్యశాస్త్రం ఇంకా గుర్తించలేదు, పాపం. ఆ ఒక్క కుర్రాడూ పరిగెత్తాడు. మొదటివాడూ వాడే, చివరివాడూ వాడే. ఇంటర్ పరీక్షలకి స్క్వాడ్ వచ్చినప్పుడు కూడా హాలు ఇంత ఖాళీ అవ్వడం నేను చూడలేదు. అక్కడ కనీసం చిట్టీలే కిటికీలోంచి పోతాయి, పిల్లలు కూర్చునే ఉంటారు.

టాయిలెట్‌లో వాడేసిన సిరంజీలు కుప్పగా కనిపించాయని వీడియో తిరిగింది. విటమిన్లే అయ్యుంటాయి. మనమెందుకు చెడుగా అనుకోవాలి?

నన్ను కదిలించింది మాత్రం జూనియర్ స్టీపుల్‌చేజ్ అమ్మాయి. ఫినిష్ లైన్ దాటినా ఆగలేదట. శాంపిల్ కోసం అధికారి వెనకాలే పరుగు. అప్పటికే అన్ని అడ్డంకులు దూకి, నీటిగుంటలు దాటి వచ్చిన పిల్ల అది! అంత దమ్మున్నవాళ్లకి వేరే మందెందుకో నాకర్థం కాలేదు. ఆ అధికారి టైమింగ్ ఎవరైనా నోట్ చేసుకున్నారా?

పతకాల పట్టికలో మనల్ని కింది నుంచి వెతుక్కోవాలి కానీ, 2023 వాడా లెక్కల్లో ఆ బాధ లేదు. 5,606 శాంపిళ్లలో 213 పాజిటివ్, అంటే 3.8 శాతం. 5 వేలకు పైగా పరీక్షలు చేసిన దేశాల్లో మనమే ఫస్ట్. ఊరికే వచ్చిందా ఇది? స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం రావాలంటే సర్టిఫికెట్ కావాలి, సర్టిఫికెట్‌కి పతకం, పతకానికి "ఇది వేసుకోరా, ఏం కాదు" అనే ఒక పెద్దమనిషి. పట్టుబడితే నాలుగేళ్లు నిషేధం కుర్రాడికి. పెద్దమనిషికి మరుసటేడు కొత్త బ్యాచ్.

ఇప్పుడు 2036 ఒలింపిక్స్ మాకివ్వండని అడుగుతున్నాం. ఇవ్వాల్సిందే, నాకే అభ్యంతరం లేదు. ట్రాక్‌కి ఎనిమిది లేన్లు వేయాలా అన్నది మాత్రం కాంట్రాక్టర్‌కి అడ్వాన్స్ ఇచ్చేముందు ఒక్కసారి ఆలోచించండి.