ఆ పాత కారు ఎవరిదని అడగకండి

మొన్న ఇక్కడ అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో పంచాంగ శ్రవణం అయ్యాక, పిల్లల కూచిపూడి మొదలయ్యే ముందు వేదిక మీద నుంచి వచ్చిన ప్రకటన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. హైస్కూల్ ఆడిటోరియం గుమ్మం ముందు స్పాన్సర్ల కొత్త కార్లు వరసగా నిలబెట్టారు కదా, వాటి పక్కనే రంగు వెలిసిన పాత సెడాన్ ఒకటి ఉంది. "ఆ పాత కారు ఎవరిదండీ? ఫొటోల్లో పడుతోంది, కాస్త తీయండి. వచ్చే ఉగాదికైనా కొత్తది కొనుక్కోండి" అన్నారు మైకులో. హాలంతా నవ్వింది. వెనక వరసలోంచి లేచి వెళ్లిన కుర్రాడు పొద్దుటి నుంచి కుర్చీలు మోసినవాడు. మనం విన్న ఆ మైకు, స్పీకర్లు వచ్చింది ఆ కారు డిక్కీలోనే. అతని భార్య ఎవరి వైపూ చూడకుండా, ఒళ్లో బాబు చొక్కా గుండీలు సర్దుతూ ఉండిపోయింది.

నెల తిరక్కుండా వాళ్లింటి ముందు కొత్త ఎస్‌యూవీ దిగింది. ఎనభై నాలుగు నెలల లోను. పాతదానికి ఏమైందని అడిగితే ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసే భాగం) పోయిందన్నాడు. "ఎలాగూ మార్చేద్దామనే అనుకున్నాం అంకుల్" అన్నాడు కూడా. ఉగాదికి ముందు అతనికి ఆ ఆలోచనే లేదు. ఫిబ్రవరిలో ఆ కారుకి మంచి టైర్లు ఎక్కడ వేయించాలో నన్నే అడిగాడు.

మైకులో అన్నవారి మీద నాకు కోపం లేదు. కార్యక్రమం ఆలస్యమవుతోందన్న టెన్షన్‌లో నోరు జారి ఉంటుంది. కొత్త కారు కొనడం తప్పని కూడా అనను. కానీ ఒక ఇంటివాళ్లు ఏడేళ్లపాటు మోయబోయే ఖర్చుని మన పార్కింగ్ లాట్ నిర్ణయించడం నాకు మింగుడుపడలేదు. రిపేరా, కొత్తదా అన్నది బానెట్ తీసి, కాగితం మీద లెక్క వేసి తేల్చుకోవాల్సిన విషయం.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మాది 2010 మోడల్ సెడాన్, లక్షా అరవై వేల మైళ్లు దాటింది. ఒక నవంబరులో చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. డీలర్ దగ్గరికి తీసుకెళ్తే బండిలోని కంప్యూటర్ ఇచ్చిన కోడ్ చూసి, "పి0420, కేటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని శుభ్రం చేసే భాగం) పోయింది, 2,400 డాలర్లు అవుతుంది" అన్నారు. ఆ వెంటనే, బండి విలువే అంత ఉండదు, ఎక్స్చేంజ్‌లో ఇచ్చేయండని సలహా. వీకెండ్ డిన్నర్‌లో కలిసిన స్నేహితులూ అదే మాట. నాకూ సబబుగానే తోచింది.

అడ్డుపడింది మా ఆవిడ. "పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు టిక్ టిక్‌మని చప్పుడు వస్తోంది. కాసేపు నడిపాక పోతోంది. దాని సంగతి ఎవరూ చెప్పలేదేం?" అంది. ఆ ప్రశ్నతోనే ఒక చిన్న గ్యారేజ్‌కి వెళ్లాం. ఆ మెకానిక్ కంప్యూటర్ జోలికి పోకుండా ముందు బండిని లిఫ్ట్ మీద ఎక్కించాడు. సైలెన్సర్ గొట్టంలోకి ఒక మెషిన్‌తో తెల్లటి పొగ ఎక్కించి, టార్చ్ పట్టుకుని మమ్మల్ని కిందికి రమ్మన్నాడు. కన్వర్టర్ ముందున్న జాయింట్ దగ్గర సన్నటి పొగ దారంలా పైకి లేస్తోంది. గాస్కెట్, అంటే జాయింట్ మధ్య పెట్టే సీలు, తినేసి ఉంది. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి బోల్టులు తుప్పు పట్టి ఒక్క ముద్దయిపోయాయి. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి లాక్కుంటే పొగలోని ఆక్సిజన్‌ని కొలిచే సెన్సర్ తప్పుడు లెక్క చూపిస్తుంది, బండిలోని కంప్యూటరేమో కన్వర్టర్ పని చేయట్లేదనుకుంటుంది. ఇంజిన్ వేడెక్కితే లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుంది కాబట్టి చప్పుడు ఆగిపోతోంది. బోల్టులు కాల్చి, కోసి తీసి, గాస్కెట్ మార్చి 260 డాలర్లు తీసుకున్నాడు. ఆ లైట్ మళ్లీ వెలగలేదు. బండి ఇప్పటికీ మా గరాజ్‌లోనే ఉంది.

1996 మోడల్ నుంచి ఈ దేశంలో అమ్మే ప్రతి పెట్రోల్ కారులో స్టీరింగ్ కింద ఓబీడీ-2 పోర్టు, అంటే కోడ్ చదివే మెషిన్ తగిలించే ప్లగ్గు, ఉంటుంది. అందులోంచి వచ్చే కోడ్ ఏ లెక్క తేడాగా ఉందో చెప్తుంది. ఏ పార్టు మార్చాలో చెప్పదు, అది మనిషి వెతికి పట్టుకోవాలి. పెద్ద ఎస్టిమేట్ చేతికిచ్చినప్పుడు రెండో చోట చూపించుకోవడం డాక్టరు విషయంలో మనందరికీ అలవాటే. కారు దగ్గరికొచ్చేసరికి ఎందుకు మొహమాటం? మన మిషిగన్‌లో రిపేర్ షాపుల మీద 1974 నుంచే చట్టం ఉంది. ఎస్టిమేట్ రాసి ఇమ్మని అడగొచ్చు, మార్చిన పాత పార్టు చూపించమని అడగొచ్చు. అడగండి.

ఇక లెక్క. రిపేరు ఖర్చు బండి విలువలో సగం దాటితే వదిలించుకోమని మన వాట్సాప్ గ్రూపుల్లో అందరూ చెప్పే సూత్రం. నాకది నచ్చదు. అమ్మకానికి పెట్టనప్పుడు బండి ఎంత పలుకుతుందన్నది మీకెందుకు? అది తీసేస్తే దాని స్థానంలో తెచ్చుకునేదానికి ఎంతవుతుందన్నదే అసలు ప్రశ్న. ఈ దేశంలో కొత్త కారు సగటు ధర 2025లో 50,000 డాలర్లు దాటింది. 40,000లో దొరికిందనే అనుకుందాం. మన రాష్ట్రంలో 6 శాతం సేల్స్ టాక్సే 2,400. మా కన్వర్టర్‌కి డీలర్ చెప్పిన మొత్తం అంతే! పైగా ఇక్కడ ఏటా కట్టే నంబర్ ప్లేట్ ఫీజు కారు కొత్తగా ఉన్నప్పటి ధరను బట్టి ఉంటుంది. లోను ఉన్నంతకాలం ఫుల్ కవరేజ్ ఇన్సూరెన్స్ తప్పదు, మిషిగన్‌లో ఇన్సూరెన్స్ రేట్లు ఎంత ఎక్కువో మీకు నేను చెప్పక్కర్లేదు. వీసా మీద ఉన్న కుటుంబానికి ఇంకో లెక్క కూడా ఉంది. హెచ్-1బీ వర్క్ వీసాలో ఉద్యోగం పోతే మరో దారి చూసుకోవడానికి దొరికేది 60 రోజులే. ఆ 60 రోజుల్లో లోను లేని పాత కారు ఎంత ధైర్యమో ఆ స్థితి చూసినవాళ్లకి తెలుసు.

అలాగని పాతదాన్ని పట్టుకుని వేలాడమని కాదు. మన రాష్ట్రంలో ఏటేటా సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ లేదు కాబట్టి కింద ఏం కుళ్లిందో మనమే చూపించుకోవాలి. సబ్‌ఫ్రేమ్‌ని, అంటే కింద ఇంజిన్‌ని మోసే ఇనప చట్రాన్ని, తుప్పు తినేసి స్క్రూడ్రైవర్ దిగబడుతుంటే ఇంక ఆలోచించకండి, ఆ బండి పని అయిపోయింది. తకాటా కంపెనీ చేసిన లోపమున్న ఎయిర్‌బ్యాగ్‌ల రీకాల్‌లో ఉన్న కార్లు ఇంకా రోడ్ల మీద తిరుగుతున్నాయి. ప్రతి బండికీ విడిగా ఉండే విన్ నంబరుతో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోండి, డీలర్ ఉచితంగా మారుస్తాడు. మంచు మీద బండి జారకుండా పట్టి ఉంచే స్టెబిలిటీ కంట్రోల్ 2012 మోడల్ నుంచి అన్ని కార్లలో తప్పనిసరి అయింది. అంతకుముందువాటిలో అన్నింటికీ లేదు. పదహారేళ్ల పిల్ల చేతికి తాళాలు ఇవ్వబోతుంటే, అది లేని కారు ఎంత బాగా నడుస్తున్నా సరే, మార్చేయండి. అక్కడ డబ్బు లెక్క వద్దు.

రిపేర్లు చేయించుకుని వాడుకోవడం మన ఊళ్లలో గొప్పగా ఉండేదని నేను చెప్పను. వేరే గతి లేక చేయించుకున్నాం, అరిగిపోయిన బ్రేకులతో ఘాట్ రోడ్లు ఎక్కాం. అయినా విజయవాడ ఆటోనగర్‌లో నాన్నగారి అంబాసిడర్ ఇంజిన్ విప్పిన రోజు నాకు కళ్లకు కట్టినట్టుంది. మేస్త్రీ అరిగిన బేరింగ్‌ని గుడ్డతో తుడిచి, నాన్న అరచేతిలో పెట్టి, గోటితో గీసి చూడమన్నాడు. ఎక్కడ అరిగిందో, ఎందుకు అరిగిందో చెప్పి, మార్చాలా వద్దా అన్నది నాన్నకే వదిలేశాడు. బండి ఎవరిదో వాళ్లని పక్కన నిలబెట్టుకుని చూపించి చెప్పే ఆ మర్యాద ఇక్కడ మా మెకానిక్ దగ్గర చూసినప్పుడు నా మనసు నిండిపోయింది. మన పిల్లలు బానెట్ ఎలా తెరుచుకుంటుందో తెలియకుండా పెద్దవాళ్లవుతున్నారు. నాకది బాధగా ఉంది.

మనలో ఎంతమంది డియర్‌బోర్న్‌లో ఫోర్డ్‌కి, వారెన్‌లో జీఎంకి, ఆబర్న్ హిల్స్‌లో స్టెలాంటిస్‌కి పనిచేస్తున్నాం! బ్రేకులు డిజైన్ చేసేవాళ్లు, ట్రాన్స్‌మిషన్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఆ రోజు హాల్లో కూర్చునే ఉన్నారు. అంత తెలిసినవాళ్లం కదా, ఆల్టర్నేటర్ ఎక్కడ చవకగా వేయించుకోవచ్చో ఆ కుర్రాడికి మనలో ఒక్కరైనా చెప్పి ఉండాల్సింది.

కార్యవర్గానికి నా విన్నపం ఇది. ఏ కారైనా అడ్డంగా ఉంటే ప్లేట్ నంబరు చదవండి, చాలు. పాతదా, కొత్తదా, ఏ కంపెనీదా అన్నది మైకులోకి రానివ్వకండి. వేసవి పిక్నిక్‌లో మ్యూజికల్ చైర్స్ పక్కన ఒక మూల మాకివ్వండి. కొత్తగా వచ్చిన స్టూడెంట్లు, కొత్త కాపురాలవాళ్లు బండి తెచ్చుకుంటే కోడ్ చదివి, టైర్ల గాడి కొలిచి, కింద తుప్పు చూసి, చేతిలో ఉన్న ఎస్టిమేట్ సరైనదో కాదో చెప్పి పంపిద్దాం. నమ్మకమైన గ్యారేజ్‌ల పేర్లు మీకు తెలిస్తే సంఘం కార్యదర్శికి పంపండి. కోడ్ రీడర్, టార్చ్, కింద పరుచుకోవడానికి చాప నేను తెస్తాను. బ్రేకుల గురించి బాగా తెలిసినవాళ్లు ఇద్దరు వస్తే చాలు.