ఒక్క గడిలో ఇమడని బతుకుదెరువు

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల జనం ఏ పని చేసుకుని బతుకుతున్నారన్న ప్రశ్నకు జనాభా లెక్కలు నాలుగు గడుల్లో జవాబు చెబుతాయి: సాగుదారులు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమలో పనిచేసేవారు, ఇతరులు. ఏడాదిలో ఆరు నెలలు, ఆపైన పని దొరికితే ప్రధాన శ్రామికులు, అంతకు తగ్గితే ఉపాంత శ్రామికులు. 2011 నాటికి పాలమూరు జనాభా 40 లక్షలు దాటింది, నల్గొండ జనాభా 35 లక్షలకు చేరువైంది. ఆ తర్వాత జిల్లాలు ముక్కలయ్యాయి గానీ లెక్కించే తీరు మారలేదు. ఈ నాలుగు గడులు దక్షిణ తెలంగాణ బతుకుకు సరిపోవు. దాని నష్టం నేరుగా పేదల మీదనే పడుతోంది.

కోస్గి, మద్దూరు, దామరగిద్ద వైపు రెండెకరాల చెల్క ఉన్న రైతు కుటుంబాన్నే తీసుకుందాం. వానకాలంలో ఆ కుటుంబం తన చేలో కంది, పత్తి వేస్తుంది. తమ కలుపు అయిపోయాక ఆలుమగలిద్దరూ పక్కవారి చేలకు కూలికి పోతారు. కంది కోసి, అప్పుల లెక్క చూసుకున్నాక మిగిలేది ఏమీ లేకపోతే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి, పుణెలోనో ముంబైలోనో కట్టడం పనికి చేరతారు. మృగశిర కార్తె దగ్గరపడేదాకా అక్కడే ఉండి, విత్తనాల వేళకు తిరిగొస్తారు. ఒకే ఏడాదిలో ఆ మనిషి రైతు, కూలీ, సెంట్రింగ్ పనివాడు. ఇందులో ఏ ఒక్కటి రాసినా మిగిలిన రెండూ కాగితం మీద లేనట్టే.

గణన జరిగే వేళ కూడా ఇందుకు తోడవుతోంది. 2011లో జనగణన ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. రాబోయేది కూడా 2027 మార్చి 1ని ప్రాతిపదికగా పెట్టుకుని ఫిబ్రవరిలోనే జరగాలి. పాలమూరు పల్లెల్లో తలుపులకు తాళాలు కనిపించే కాలం సరిగ్గా అదే. వలసపోయినవారు ఎక్కడుంటే అక్కడే లెక్కకు వస్తారు, అదీ గణకుడు ఆ కట్టడం పక్కనున్న రేకుల గుడిసెల దాకా వెళ్తేనే. దీనికి భిన్నమైన అనుభవం 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం చేసిన సమగ్ర కుటుంబ సర్వే. ఆ ఒక్క రోజు కోసం ముంబై నుంచి, ఇతర పట్టణాల నుంచి జనం కిక్కిరిసిన బస్సుల్లో ఊళ్లకు వచ్చారు. పేరు లేకపోతే రేషను, పింఛను పోతాయన్న భయమే వారిని రప్పించింది. అప్పుడు ఊళ్లు నిండుగా కనిపించాయి, ఫిబ్రవరి గణనలో సగం ఖాళీగా కనిపిస్తాయి. ఒక ఊరి గురించి ఈ రెండు లెక్కలూ చెప్పేది సగం నిజమే.

పథకాలు ఈ గడుల మీదనే నిలబడ్డాయి కనుక ఇది గణాంకాల పండితులకు వదిలేసే విషయం కాదు. సాగు పెట్టుబడికి సాయమిచ్చే రైతు భరోసా పట్టాదారు పాసుపుస్తకాన్ని చూస్తుంది, ఆ భూమిని కౌలుకు దున్నే మనిషిని చూడదు. 2025 జనవరి 26న మొదలైన ఇందిరమ్మ ఆత్మీయ భరోసా భూమిలేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తామంది, కానీ 2023–24లో ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉండాలన్నది. ఉపాధి హామీ పనులు జోరుగా సాగే ఎండాకాలంలో పుణెలో ఇటుకలు మోసిన కూలీ ఆ 20 రోజులు ఎక్కడి నుంచి తేవాలి? ఊళ్లో పని చాలకపోవడం వల్లనే వలసపోయిన మనిషిని, ఊళ్లో పనిచేయలేదన్న కారణంతో పక్కన పెట్టడం అన్యాయం.

నల్గొండ వైపు ఇది మరో రూపంలో కనిపిస్తుంది. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం మగ్గాల వెనుక ఆసు పోసే ఆడవాళ్లున్నారు. ఆసు పోయడమంటే నేతకు ముందు, అర్ధచంద్రాకారంలో నాటిన కొయ్యల చుట్టూ నూలు చుట్టడం; ఒక్క చీరకు వేల సార్లు చెయ్యి తిప్పాలి. తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అంతటి కష్టం చేసిన స్త్రీలను ఏం పని చేస్తావని అడిగితే, ‘ఇంట్లనే ఉంట’ అన్న జవాబు వస్తుంది. అడిగేవారు మరో ప్రశ్న వేయకపోతే అదే ఖాయమవుతుంది.

ఇక ‘ఇతరులు’ అన్న గడిలో మిర్యాలగూడ రైసుమిల్లు హమాలీ, చౌటుప్పల్ మందుల ఫ్యాక్టరీ కాంట్రాక్టు కార్మికుడు, బడిపంతులు, లారీ యజమాని ఒకే వరుసలో కూర్చుంటారు. మిల్లుల్లో బస్తాలు మోయడానికీ, ఆయకట్టులో గుత్తకు నాట్లు వేయడానికీ బీహార్ నుంచి వచ్చే ముఠాలూ ఒక్క గడిలో ఇమడవు.

చేయగలిగిన పని కష్టమైనదేమీ కాదు. ప్రధాన వృత్తితో పాటు రెండో పని, మూడో పని అడగాలి, ఏ నెలల్లో ఏది, ఎక్కడ చేశారో రాయాలి. ఇంటాయనను ఒక్కడినే కాక ఇంట్లోని ఆడవాళ్లను విడిగా అడగాలి. వలస కార్మికులకు పాసుపుస్తకం, కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలని 1979లోనే చట్టం చెప్పింది. అడ్వాన్సు చేతిలో పడిన రోజునే, బస్సు ఎక్కకముందే, పంచాయతీ రిజిస్టరులో మేస్త్రీ పేరు, పనిచోటు, వెళ్తున్నవారి పేర్లు నమోదు చేయించడానికి పంచాయతీ కార్యదర్శి ఒక్కరు చాలు. ఆ రిజిస్టరునే 2027 ఫిబ్రవరి గణనకూ, పథకాల అర్హతకూ సాక్ష్యంగా తీసుకోవాలి.