పళ్ల సెట్టు రాత్రి తీయకూడదని ఎవరు చెప్పారు?

ఆ సందేశం హన్మకొండ మిత్రులు పంపారు, కాజీపేట బంధువులు పంపారు, చివరికి జగిత్యాలలో మా మేనత్త ఫోనులోనూ కనిపించింది. అందులో ఉన్నది ఇదీ: పళ్ల సెట్టు ప్లాస్టిక్ కాబట్టి దానికి క్రిములు పట్టవు, పళ్లు లేని నోట్లో బ్యాక్టీరియా ఉండదు, రాత్రి తీస్తే దవడ కుంచించుకుపోతుంది కనుక నిద్రలోనూ పెట్టుకునే ఉండాలి, వారానికోసారి మరిగే నీళ్లలో వేస్తే చాలు, నోరు పూస్తే కొబ్బరినూనె రాయాలి. కింద ‘ఇంట్లో పెద్దవాళ్లకు తప్పక పంపండి’ అని ఉంది. అందరూ పంపుతూనే ఉన్నారు.

మరిగే నీళ్ల సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. సెట్టు తయారయ్యే అక్రిలిక్ అనే ప్లాస్టిక్ వేడికి వంకర పోతుంది, ఆ తర్వాత సెట్టు చిగుళ్ల మీద సరిగ్గా కూర్చోదు.

పళ్లు లేకపోతే బ్యాక్టీరియా ఉండదన్న మాట తప్పు. చిగుళ్ల సందుల్లో బతికేవి కొన్ని తగ్గుతాయి, నిజమే. నాలుక, బుగ్గల లోపలి భాగం, లాలాజలం ఎక్కడికి పోతాయి? పైగా నాలుగైదు పళ్లు మిగిలి, వాటికి సెట్టు కొక్కేలు తగిలించుకున్నవారి మాటేమిటి? ఆ కొక్కేల దగ్గరే పాచి పేరుకుని, ఉన్న పళ్లూ పుచ్చిపోతాయి.

ఇక ప్లాస్టిక్‌కు క్రిములు పట్టవన్నది. అక్రిలిక్ చూడ్డానికి నున్నగా ఉన్నా దానికి కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. వాటిలో బ్యాక్టీరియాతో పాటు క్యాండిడా అనే శిలీంధ్రం పొరలు పొరలుగా అతుక్కుంటుంది. పై సెట్టు అంగిలిని మూసేయడంతో లాలాజలం అక్కడికి చేరి కడగలేదు. మేనత్త చేత సెట్టు తీయించి టార్చి వేసి చూశాను. అంగిలి ఎర్రగా కంది ఉంది. సెట్టు అంచు ఎక్కడ ఆగిందో ఆ ఎరుపూ సరిగ్గా అక్కడే ఆగింది. ‘నొప్పే లేదు కదరా, ఎందుకు తీయాలి?’ అంది. చాలామందికి నొప్పి ఉండదు. అందుకే ఏళ్ల తరబడి ఎవరూ చూసుకోరు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఆ రాత్రి సలహా. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. కడిగేది లేక సెట్టు కింద క్రిములు పెరుగుతాయి. ముసలితనంలో మింగే శక్తి తగ్గి, ఆ ఉమ్మి కొంచెం కొంచెంగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. టోక్యోలో 85 ఏళ్లు, ఆపైబడిన 524 మందిని మూడేళ్లు గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనం ఉంది. సెట్టుతోనే నిద్రపోయేవారికి న్యుమోనియా ముప్పు రెట్టింపుకు పైగా కనిపించింది. వారి నాలుక మీద, సెట్టు మీద పాచి కూడా ఎక్కువే. సెట్టు ఒక్కటే కారణమని అది రుజువు చేయలేదు. అయినా తీసి పక్కన పెడితే పోయేదేమిటి? దవడ ఎముక అరిగేది పంటి వేర్లు లేకపోవడం వల్ల. రాత్రంతా సెట్టు బిగించుకున్నా ఆ అరుగుదల ఆగదు. ఎనభై ఏళ్ల మనిషి ఊపిరితిత్తులతో ఆడుకునే ఈ సలహా రాసినవారికి పళ్ల వైద్యుడిని ఒక్కసారి అడిగే తీరిక దొరకలేదా? పేరు లేకుండా రాయడానికి మాత్రం దొరికింది!

ఒకటి ఒప్పుకోవాలి. పళ్లు పీకిన రోజే సెట్టు అమర్చినప్పుడు, మొదటి రాత్రి తీయవద్దని వైద్యులే చెబుతారు. వాపు వస్తే మళ్లీ పట్టదని ఆ జాగ్రత్త. ఆ ఒక్క రోజు మాటను ఎవరో జీవితాంతానికి సాగదీసి ఉంటారు.

చేయవలసిన పని చిన్నదే. పడుకునే ముందు సెట్టు తీసి, మెత్తని బ్రష్‌తో, సబ్బు నీళ్లతో లోపలి వైపు కూడా రుద్ది కడగాలి. పళ్లపొడి, ఉప్పు వద్దు, గీతలు పడి క్రిములకు మరింత చోటు దొరుకుతుంది. చేయి జారితే విరగకుండా కింద నీళ్ల గిన్నె పెట్టుకోండి. చిగుళ్లు, నాలుక కూడా తుడిచి, సెట్టును తెల్లవారేదాకా చల్లని నీళ్లలో ఉంచాలి. నానబెట్టే మాత్రలు వేసినా రుద్దడం మానకూడదు.

కొబ్బరినూనెకు ప్రయోగశాలలో క్యాండిడాను అణిచే గుణం కొంత కనిపించింది, కాదనను. కానీ అంగిలికి నూనె రాసి, పాచి పట్టిన అదే సెట్టు మళ్లీ పెట్టుకుంటే నోటిపూత తిరిగి వస్తుంది. చక్కెర వ్యాధి ఉన్నవారు, ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చేవారు అంగిలి ఎర్రబడితే నూనెతో రోజులు గడపకుండా పళ్ల వైద్యుడికి చూపించుకోండి. వెళ్లేటప్పుడు సెట్టు కూడా తీసుకెళ్లండి, శుభ్రం చేయవలసింది అదీ కనుక.