ఎలర్జీ ఉందని టీకా ఆపొద్దు

‘మా బాబుకు గుడ్డు పడదు, సూది వేయొచ్చా?’ టీకాలు వేసే ఏఎన్ఎంలకు ఈ ప్రశ్న కొత్తేమీ కాదు. జవాబే అన్నిచోట్లా ఒకటిగా ఉండదు. ధైర్యం ఉన్నవారు వేసేస్తారు. కొందరు పెద్దాసుపత్రికి పొమ్మంటారు. ఇంకొందరు వచ్చే నెల చూద్దామంటారు. ఈ చివరి జవాబుతోనే ముప్పు. చూద్దాం చూద్దామంటూ వాయిదాలు పడితే, తట్టు టీకా అందకుండానే బిడ్డకు రెండేళ్లు నిండిపోతాయి.

కొన్ని తట్టు టీకాల వైరస్‌ను కోడి పిండం కణాల్లో పెంచుతారు. అనుమానం అక్కడే పుట్టింది. కానీ వాటిలో మిగిలే గుడ్డు ప్రొటీన్ లెక్కలోకి రానంత తక్కువని, గుడ్డు పడని పిల్లలకూ నిశ్చింతగా వేయొచ్చని ఏనాడో తేలింది. ఫ్లూ టీకా విషయంలో కూడా అమెరికా నిపుణుల కమిటీ 2023లో గుడ్డు ఎలర్జీకి అదనపు జాగ్రత్తలు అక్కర్లేదని చెప్పేసింది. ఎల్లో ఫీవర్ టీకా సంగతి మాత్రం వేరు, గుడ్డు పడనివారు ఆఫ్రికా ప్రయాణానికి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. దుమ్ము, రొయ్యలు, వంకాయ, పెన్సిలిన్ పడనివారు మామూలు టీకాలు మానుకోనక్కర్లేదు. అసలు టీకాల్లో పెన్సిలినే ఉండదు. అదే టీకా ముందు డోసుకో, అందులో కలిపే జెలటిన్, నియోమైసిన్ లాంటి పదార్థానికో ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడని స్థితి వచ్చినవారు ఆగాలి. ఇక కుక్క కరిచినప్పుడైతే ఎలర్జీ ఉన్నా రేబిస్ టీకా మానడానికి లేదు. ఆ జబ్బు ముదిరాక బతికినవారు దాదాపు లేరు. తీవ్ర ఎలర్జీ ఉన్నవారికి దాన్ని ఆసుపత్రిలో, డాక్టరు ఎదుట వేయాలి.

ఈ గందరగోళాన్ని కోవిడ్ కాలం ఇంకా పెంచింది. 2020 డిసెంబర్ 8న బ్రిటన్‌లో ఫైజర్ టీకా మొదలైన రోజే ఇద్దరు ఆరోగ్య సిబ్బందికి తీవ్రమైన రియాక్షన్ వచ్చింది. మందుకో, తిండికో గట్టి ఎలర్జీ ఉన్నవారెవరూ వేయించుకోవద్దని మర్నాడే అక్కడి నియంత్రణ సంస్థ చెప్పింది, నెలాఖరుకల్లా ఆ మాట సడలించింది. మన హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్ టీకా సమాచార పత్రం 2021 జనవరిలో ఏ ఎలర్జీ చరిత్ర ఉన్నా వద్దంది. కోవిషీల్డ్ పత్రం అందులోని పదార్థాలకు తీవ్ర ఎలర్జీ ఉంటేనే వద్దంది. కొత్త టీకాకు జాగ్రత్త సహజమే. కానీ ‘ఎలర్జీ ఉంటే వద్దు’ అన్న ఒక్క ముక్క కంపెనీని కాపాడుతుందేమో గానీ, దుమ్ముకు తుమ్మే పెద్దాయన్ని కోవిడ్ నుంచి కాపాడదు.

ముప్పు లేదని మేం అనడం లేదు. 2021 మార్చి 8న కోవిడ్ టీకా వేయించుకున్న 68 ఏళ్ల వ్యక్తి ఎనాఫిలాక్సిస్ (ప్రాణం మీదకు తెచ్చే తీవ్ర ఎలర్జీ రియాక్షన్) వల్లే చనిపోయారని కేంద్ర నిపుణుల కమిటీ తేల్చింది. ఆ సంగతి జనానికి తెలిసేసరికి జూన్ వచ్చింది. అంత ఆలస్యం పుకార్లకే మేలు చేస్తుంది. అయితే అమెరికాలో కోవిడ్‌కు ముందు రకరకాల టీకాల రెండున్నర కోట్ల డోసులను పరిశీలిస్తే ఇలాంటి రియాక్షన్లు 33 కనిపించాయి, అంటే పది లక్షల డోసులకు ఒకటికి కాస్త పైన. వీటిలో కొన్ని సూది వేసిన అరగంటలోపే, కొన్ని గంటల తర్వాత బయటపడతాయి. చేతిలో మందు ఉంటే ప్రాణం నిలబడుతుంది.

ఆ మందు ఎడ్రినలిన్. మన దగ్గర దద్దుర్లు కనిపించగానే చేయి ఎవిల్ లాంటి దద్దుర్ల మందు మీదకీ, స్టెరాయిడ్ మీదకీ పోతుంది. అవి తర్వాతి మందులు. ముందు తొడ కండలోకి ఎడ్రినలిన్ వెళ్లాలి, పెద్దవాళ్లకైతే అర మిల్లీలీటరు. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి, లేపి నడిపించకూడదు. సూది భయంతో కళ్లు తిరిగి పడేవారే ఎక్కువమంది. వాళ్ల నాడి నెమ్మదిగా కొట్టుకుంటుంది, పడుకోబెడితే తేరుకుంటారు. ఎనాఫిలాక్సిస్‌లో నాడి పరుగెడుతుంది, దద్దుర్లు, పిల్లికూతలు, పెదాల వాపు తోడవుతాయి. ఎటూ తేలకపోతే కండకు ఇచ్చే ఒక డోసుతో పోయేదేమీ ఉండదు, ఇవ్వకపోతేనే ప్రాణం పోవచ్చు. ఈ తేడా ఏఎన్ఎంలకు కాగితం మీద కాకుండా చేతులతో నేర్పాలి, ఏటా నేర్పాలి.

ప్రతి టీకా కేంద్రంలో ఎడ్రినలిన్ కిట్ ఉండాలన్నది నిబంధన. ఆంప్యూల్ గడువు తేదీ చూసే బాధ్యత ఎవరిదో పేరు రాసి గోడకు అంటించాలి. వేడికీ వెలుతురుకీ పాడయ్యే మందు అది. సూది వేసి పంపేసే ప్రైవేటు క్లినిక్‌లు కూడా అరగంట కూర్చోబెట్టాలి, అందుకు నాలుగు కుర్చీలూ ఒక ఫ్యానూ చాలు. పిల్లల టీకా కార్డులో ‘ఎలర్జీ’ అని ఒక్క మాట రాసి వదిలేయకుండా ఏది పడలేదు, ఎన్ని నిమిషాలకు ఏమైంది అన్నది రాయాలి. నిజంగా అనుమానం ఉన్నవారిని పరీక్షించి, టీకా వేసే క్లినిక్ జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక రోజైనా నడపాలని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను కోరుతున్నాం.